అడగడం కూడా డ్యూటీయే

2020 డిసెంబరు మొదటి వారంలో ఏలూరు వన్‌టౌన్‌లో జనం ఉన్నట్టుండి పడిపోవడం మొదలైంది. మూర్ఛ, వాంతులు, నోటి వెంట నురగ. కొద్దిరోజుల్లోనే 600 మందికి పైగా ఆసుపత్రి పాలయ్యారు. ఎయిమ్స్ పరీక్షల్లో కొందరి రక్తంలో సీసం, నికెల్ కనిపించాయి. మరుసటి నెల భీమడోలు మండలం పూళ్లలో, ఆ వెంటనే దెందులూరు మండలం కొమిరేపల్లిలో అవే లక్షణాలు. ఢిల్లీ నుంచి డాక్టర్లు దిగారు, హైదరాబాదు నుంచి శాస్త్రవేత్తలు వచ్చారు. నీళ్ళు, పాలు, కూరగాయలు, రక్తం అన్నీ సీసాల్లోకెక్కి ల్యాబులకు వెళ్ళాయి.

ఇంత హడావుడిలో ఆ జబ్బును మొదటి గంట నుంచీ దగ్గరగా చూసిందెవరు? క్యాజువాలిటీలో స్ట్రెచర్ అందుకున్న నర్సు. ఏ పేట నుంచి ఎక్కువమంది వస్తున్నారో, ఎవరికి రెండోసారి ఫిట్స్ వచ్చాయో, ఇంటికెళ్ళి మళ్ళీ ఎవరు తిరిగొచ్చారో కేస్ షీట్ తెరవకుండా చెప్పగలిగేది ఆమే. వార్డులో ఇరవై నాలుగ్గంటలూ ఉండేది నర్సులే కాబట్టి ఏది చాలట్లేదో, ఏది వృథా అవుతోందో, ఏ నిబంధన కాగితం మీదే మిగిలిందో వాళ్ళకే ముందు తెలుస్తుంది.

తెలుసు, కానీ చెప్పరు. మంచి నర్సు అంటే చెప్పింది చేసే మనిషని ట్రైనింగ్ రోజుల నుంచీ నూరిపోశారు. ఇంజెక్షన్ ఇవ్వడం నేర్పారు, హ్యాండోవర్ ఇవ్వడం నేర్పారు. అర్జీ ఇవ్వడం నేర్పలేదు. అడగందే అమ్మైనా పెట్టదంటారు. ప్రభుత్వం అమ్మ కూడా కాదాయె!

అడగడం ఒక నైపుణ్యం. ఐవీ లైను పెట్టడంలాగే నేర్చుకుంటే వస్తుంది, చేస్తుంటే చేయి తిరుగుతుంది. దెందులూరు, ఏలూరు, తాడేపల్లిగూడెం, కొల్లేటి లంకల్లో పనిచేసే నర్సమ్మలు రాష్ట్ర ఆరోగ్య విధానం దాకా తమ మాట ఎలా చేర్చాలో చూద్దాం. మీరు నర్సు కాకపోయినా ఫర్వాలేదు. ఎవరి కిందో పనిచేస్తూ, పై వాళ్ళకు తెలియని నిజం తెలిసిన ప్రతి మనిషికీ ఈ పాఠం పనికొస్తుంది.

1. గొణుగుడును అర్జీగా మార్చండి

డ్యూటీ రూములో టీ తాగుతూ చెప్పుకునే మాటలు వినండి. "స్టాఫ్ చాలట్లేదు." "నైట్ డ్యూటీ అంటే నరకం." "మనల్నెవరు పట్టించుకుంటారే?" మూడూ నిజాలే. కానీ ఆ మూడు మాటలూ పట్టుకుని ఏ అధికారీ ఏమీ చేయలేడు. వాటిలో బాధ ఉంది గానీ, అవతలి మనిషి సంతకం పెట్టగలిగిన వాక్యం ఒక్కటీ లేదు.

సంతకం పెట్టించే వాక్యం అయిదు ప్రశ్నలకు జవాబు చెబుతుంది. ఏం జరుగుతోంది? దానివల్ల పేషెంటుకు ఏమవుతోంది? నిబంధన ఏమంటోంది? మీకేం కావాలి? ఎప్పటిలోగా కావాలి?

ఒక వార్డును ఊహించుకుని నమూనా రాద్దాం. అంకెల చోట మీ వార్డు అంకెలు పెట్టుకోండి. "గత నెల 30 రాత్రుల్లో 22 రాత్రులు మా మెడికల్ వార్డులో 36 మంది పేషెంట్లకు ఒక్క నర్సే ఉన్నారు. రాత్రి పది గంటల ఇంజెక్షన్లు అందరికీ పూర్తయ్యేసరికి పన్నెండు దాటుతోంది. నర్సింగ్ కౌన్సిల్ ప్రమాణానికి ఇది చాలా దూరం. ఖాళీ పోస్టులు భర్తీ అయ్యేదాకా రాత్రి షిఫ్టుకు ఇంకొక నర్సును వచ్చే ఒకటో తారీఖు నుంచి వేయవలసిందిగా కోరుతున్నాం."

నాలుగే నాలుగు వాక్యాలు. ఏడుపు లేదు, తిట్టు లేదు. చదివిన అధికారి ముందు రెండే దారులుంటాయి: అవుననాలి, లేదా ఎందుకు కుదరదో రాయాలి. రెండో జవాబు వచ్చినా మీకు లాభమే. పై మెట్టుకు వెళ్ళడానికి ఆ కాగితమే టికెట్టు.

2. పది అడగొద్దు, ఒకటి ఎంచుకోండి

బుడమేరు, తమ్మిలేరు, ఇంకా ఎన్నో వాగులు నీళ్ళు తెచ్చి కొల్లేట్లో పోస్తాయి. ఆ నీళ్ళు సముద్రానికి పోయే దారి మాత్రం ఉప్పుటేరు ఒక్కటే. అది పూడితే లంకలు మునుగుతాయి. నర్సుల కష్టాలు కూడా వంద వైపుల నుంచి వచ్చి పడుతుంటాయి. అన్నింటినీ ఒకే వినతిపత్రంలో గుదిగుచ్చితే చదివేవాడికి దేనికి సంతకం పెట్టాలో తోచదు. ముందు ఒక దారి తవ్వుకోండి. ఎంచుకోవడానికి అయిదు పెద్ద విషయాలు ఇవిగో.

మొదటిది, మనుషుల లెక్క. బోధనాసుపత్రి జనరల్ వార్డులో ముగ్గురు పేషెంట్లకు ఒక నర్సు, మిగతా ఆసుపత్రుల్లో అయిదుగురికి ఒక నర్సు, సెలవులు సర్దడానికి పైన మరో 30 శాతం మంది ఉండాలని ఇండియన్ నర్సింగ్ కౌన్సిల్ ప్రమాణం. ఏలూరుకు 2023లో ప్రభుత్వ మెడికల్ కాలేజీ వచ్చింది, 150 ఎంబీబీఎస్ సీట్లతో. అంతవరకూ జిల్లా ఆసుపత్రిగా ఉన్నది బోధనాసుపత్రి అయింది. బోర్డు మారినప్పుడు నర్సుల లెక్క కూడా ఆ బోర్డుకు తగ్గట్టు మారాలి కదా అని అడగడానికి ఇంతకంటే గట్టి ఆధారం అక్కర్లేదు.

దీనికి ప్రపంచంలో తిరుగులేని సాక్ష్యం కూడా ఉంది. అమెరికాలో లిండా ఐకెన్ అనే నర్సు పరిశోధకురాలి బృందం 2002లో ఒక అధ్యయనం ప్రచురించింది. ఆపరేషన్ అయిన పేషెంట్లలో, ఒక్కో నర్సు మీద ఒక్కొక్క పేషెంటు అదనంగా పడేకొద్దీ 30 రోజుల్లోపు చనిపోయే అవకాశం 7 శాతం చొప్పున పెరుగుతోందని తేల్చింది. కాలిఫోర్నియా నర్సులు అంతకుముందే, 1999లోనే, నర్సుకు ఇంతమంది పేషెంట్లు మించకూడదన్న చట్టం తెప్పించుకున్నారు. 2004 నుంచి అది అమలవుతోంది. ఆస్ట్రేలియాలో క్వీన్స్‌లాండ్ రాష్ట్రం 2016లో అదే బాట పట్టింది. వాళ్ళు గెలిచిన కిటుకు గమనించండి. "మాకు పని ఎక్కువైపోయింది" అన్న మాటను వెనక్కి నెట్టి "పేషెంటుకు ముప్పు పెరిగింది" అన్న మాటను ముందు పెట్టారు.

రెండోది, జీతం, కొలువు భద్రత. ప్రైవేటు ఆసుపత్రుల నర్సుల జీతాల మీద 2016 జనవరిలో సుప్రీంకోర్టు ఆదేశించాక కేంద్రం ఒక కమిటీ వేసింది. 200 పడకలు దాటిన ఆసుపత్రిలో ప్రభుత్వ నర్సుతో సమానంగా, వంద దాటితే అంతకు 10 శాతానికి మించి తగ్గకుండా, 50 నుంచి 100 పడకలైతే 25 శాతానికి మించి తగ్గకుండా ఇవ్వాలని, 50 లోపు పడకలున్నా నెలకు 20,000 రూపాయలు తగ్గకూడదని ఆ కమిటీ సిఫార్సు చేసింది. సిఫార్సును అమలు చేయడం రాష్ట్రాల చేతుల్లో ఉంది. కేరళ నర్సులు 2017లో వీధుల్లోకొచ్చి పట్టుబట్టారు. 2018 ఏప్రిల్‌లో అక్కడి ప్రభుత్వం 20,000 కనీస వేతనంగా ఉత్తర్వు ఇచ్చింది. మన దగ్గర ఎంతమంది నర్సులకు ఈ సిఫార్సు సంగతి తెలుసు? తెలియని హక్కును ఎవరూ అడగరు.

మూడోది, ఒంటి మీద దెబ్బ పడకుండా చూసే భద్రత. ఆసుపత్రి సిబ్బంది మీద దాడి చేస్తే మూడేళ్ళ వరకు జైలు, 50,000 వరకు జరిమానా పడే చట్టం ఆంధ్రప్రదేశ్‌లో 2008 నుంచే ఉంది. పనిచేసే చోట లైంగిక వేధింపుల మీద 2013 చట్టం ఉంది. పదిమంది పనిచేసే ప్రతిచోటా అంతర్గత కమిటీ ఉండాలి. ఫిర్యాదు మూడు నెలల్లోగా ఇవ్వాలి. 1973లో ముంబయి కేఈఎం ఆసుపత్రిలో సొంత డ్యూటీ చోటే దాడికి గురైన అరుణా శాన్‌బాగ్, 2015లో చనిపోయేదాకా దాదాపు 42 ఏళ్ళు మంచానికే అతుక్కుపోయారు. అన్నేళ్ళూ ఆమెను కంటికి రెప్పలా చూసుకున్నది ఆ ఆసుపత్రి నర్సులే. చట్టాలు ఉన్నాయి కాబట్టి, మీరు అడగాల్సింది కొత్త చట్టం కన్నా చిన్న పనులు: కమిటీ సభ్యుల పేర్లు గోడ మీద కనపడేట్టు రాయించడం, రాత్రి క్యాజువాలిటీకి సెక్యూరిటీ, డ్యూటీ రూముకు లోపలి గడియ, ఆసుపత్రి నుంచి బస్టాండు దాకా వెలిగే లైట్లు.

నాలుగోది, పల్లె వైద్యం, నీళ్ళు. కొల్లేటి లంకల్లో చుట్టూ నీళ్ళే, తాగడానికి మాత్రం క్యాన్లు కొనుక్కోవాల్సిన పరిస్థితి చాలాచోట్ల. 2024 సెప్టెంబరులో బుడమేరు పొంగినప్పుడు చినఎడ్లగాడి దగ్గర నీళ్ళు రోడ్డెక్కి ఏలూరు, కైకలూరు మధ్య రాకపోకలే ఆగిపోయాయి. అలాంటి రోజుల్లో లంకలో నొప్పులొచ్చిన గర్భిణిని ఎలా దాటించాలి, డయాలసిస్ పేషెంటును ఎవరు తీసుకెళ్ళాలి, ఇన్సులిన్ ఎక్కడ నిల్వ పెట్టాలి? వానాకాలం రాకముందే ఈ ప్రశ్నలకు ఊరివారీగా జవాబు రాసి పెట్టగలిగేది ఆ ఊరి సామాజిక ఆరోగ్య అధికారి (సీహెచ్‌వో), ఏఎన్‌ఎం, ఆశా. ఏ ఇంట్లో నెలలు నిండుతున్నాయో వాళ్ళ రిజిస్టరుకు తెలిసినట్టు కలెక్టరేట్ కంప్యూటరుకు తెలియదు.

అయిదోది, కుర్చీ. నిర్ణయాలు జరిగే చోట నర్సు కూర్చోవాలి. 1947 నాటి ఇండియన్ నర్సింగ్ కౌన్సిల్ చట్టం స్థానంలో 2023 ఆగస్టులో పార్లమెంటు జాతీయ నర్సింగ్, మిడ్‌వైఫరీ కమిషన్ చట్టం చేసింది. ప్రతి రాష్ట్రం కూడా తన కమిషన్ వేసుకోవాలని అందులో ఉంది. ఆ కమిషన్‌లో ఎవరుంటారు, పల్లెలో పనిచేసే నర్సుకు అక్కడ గొంతు ఉంటుందా అన్నది ఇప్పుడే అడగాలి. కుర్చీలన్నీ నిండాక వెళ్తే నిలబడి వినాల్సిందే.

ఈ అయిదింట్లో మీ ఆసుపత్రికి ఈ ఏడాది ఏది ముఖ్యమో కూర్చుని తేల్చుకోండి. మిగతావి వదిలేయడం లేదు, వరసలో పెడుతున్నారంతే.

3. కాగితం మాట్లాడాలి

ఫ్లోరెన్స్ నైటింగేల్ అనగానే చేతిలో దీపం గుర్తొస్తుంది. బ్రిటన్ ప్రభుత్వాన్ని కదిలించింది మాత్రం ఆమె లెక్కలు. క్రిమియా యుద్ధంలో గాయాలతో పోయిన సైనికుల కన్నా మురికి వల్ల వచ్చే జబ్బులతో పోయినవాళ్ళే ఎక్కువని 1858లో రంగుల చిత్రాలుగా గీసి మంత్రుల ముందు పెట్టింది. చూసిన మనిషికి ఒక్క చూపులో అర్థమయ్యేట్టు గీసింది.

మీకు రంగుల చిత్రాలు అక్కర్లేదు. ఒక వంద పేజీల నోటుబుక్కు చాలు. ప్రతి షిఫ్టు చివర ఒక్క వరస రాయండి: తేదీ, షిఫ్టు, పేషెంట్లు ఎందరు, నర్సులు ఎందరు, ఆలస్యమైంది ఏమిటి, లేని సామాను ఏమిటి. అర నిమిషం పని. మూడు నెలలు తప్పకుండా రాస్తే ఏ సమీక్ష సమావేశంలోనూ ఎవరి దగ్గరా లేని సాక్ష్యం మీ చేతిలో ఉంటుంది. "ఎప్పుడూ ఇంతే సార్" అనే మాటకు ఎవరైనా ఎదురు చెప్పొచ్చు. తేదీలతో రాసిన వరసలకు ఎదురు చెప్పడం కష్టం.

ఇక్కడ రెండు గీతలు దాటకండి. పేషెంటు పేరు, ఫోటో, కేస్ షీట్ బయటకు పోకూడదు. వాట్సాప్ గ్రూపులో పెట్టిన ఒక్క ఫోటో మీ అర్జీ మొత్తాన్నీ మీ మీదకే తిప్పుతుంది. రెండోది, మీరు ప్రభుత్వ ఉద్యోగి అయితే 1964 నాటి ప్రవర్తనా నియమావళి వర్తిస్తుంది. పత్రికల ముందు ప్రభుత్వాన్ని విమర్శించడం చిక్కుల్లో పడేస్తుంది. పత్రికతో మాట్లాడాల్సింది సంఘం. మీరు రాయాల్సింది పై అధికారికి, సరైన దారిలో.

4. ఏ బల్ల మీద ఫైలు ఉందో కనుక్కోండి

చాలా అర్జీలు చచ్చేది తప్పు చిరునామా వల్ల. దెందులూరులాంటి మండలంలో ప్రాథమిక ఆరోగ్య కేంద్రం నర్సు మాట జిల్లా వైద్య, ఆరోగ్య అధికారి (డీఎంహెచ్‌వో) ద్వారా ప్రజారోగ్య శాఖకు పోవాలి. తాడేపల్లిగూడెం ఏరియా ఆసుపత్రిలాంటి చోట అయితే జిల్లా ఆసుపత్రి సేవల సమన్వయాధికారి (డీసీహెచ్‌ఎస్) ద్వారా. ఏలూరు బోధనాసుపత్రి నుంచి సూపరింటెండెంట్ ద్వారా వైద్య విద్య డైరెక్టరు (డీఎంఈ)కి. విలేజ్ క్లినిక్కులో పనిచేసే సీహెచ్‌వోల కథ జాతీయ ఆరోగ్య మిషన్ చుట్టూ తిరుగుతుంది. ఒకే యూనిఫామ్, నాలుగు దారులు. డీఎంఈ తేల్చాల్సిన విషయం డీఎంహెచ్‌వో దగ్గర ఆరు నెలలు పడున్నా తేలదు.

జిల్లాల సంగతి కూడా గుర్తుంచుకోండి. 2022 ఏప్రిల్ 4న జిల్లాలు విడిపోయాక దెందులూరుకు కలెక్టరేట్ ఏలూరు, తాడేపల్లిగూడేనికి భీమవరం. సోమవారం సోమవారం కలెక్టరేట్‌లో ప్రజా సమస్యల పరిష్కార వేదిక ఉంటుంది. అక్కడ ఇచ్చిన అర్జీకి నంబరు పడుతుంది. ఆ నంబరు దాచుకోండి.

ఎన్ని పోస్టులు మంజూరయ్యాయి, ఎన్ని ఖాళీ అన్నది తెలియకపోతే ఊహించి రాయకండి. సమాచార హక్కు చట్టం కింద పది రూపాయల రుసుముతో అడగండి. 30 రోజుల్లో జవాబివ్వాలి. ప్రభుత్వం ఇచ్చిన అంకెతో ప్రభుత్వాన్ని అడిగితే ఆ అంకె తప్పనడానికి ఎవరికీ వీలుండదు.

సమయం కూడా చూసుకోవాలి. రాష్ట్ర బడ్జెట్ మామూలుగా ఫిబ్రవరి, మార్చిలో సభకొస్తుంది. శాఖలు తమ అంచనాలు అంతకు నెలల ముందే వేసుకుంటాయి. డబ్బుతో ముడిపడిన కోరిక ఉగాదికి పట్టుకెళ్తే "వచ్చే ఏడాది చూద్దాం" అంటారు. దసరా నాటికే బల్ల మీద ఉండాలి. డబ్బు అక్కర్లేని కోరికకు, అంటే డ్యూటీ చార్టు మార్పు, కమిటీ ఏర్పాటు, లైటు, గడియలాంటి వాటికి, ముహూర్తం చూడక్కర్లేదు. రేపే ఇవ్వండి.

5. రెండు నిమిషాల్లో చెప్పడం ప్రాక్టీసు చేయండి

అధికారి ముందు నోరు పెగలకపోవడం పిరికితనం అనుకోకండి. అలవాటు లేకపోవడం, అంతే. ఎమర్జెన్సీలో డాక్టరుకు ఫోన్ చేసి పేషెంటు పరిస్థితి నాలుగు ముక్కల్లో చెప్పగలిగిన మీరు, కలెక్టరుకు వార్డు పరిస్థితి నాలుగు ముక్కల్లో చెప్పలేరా? పద్ధతి ఒకటే: ఎవరు, ఏమైంది, ఏం కావాలి.

"నమస్కారమండి. నేను ఫలానా ఆసుపత్రి మెడికల్ వార్డు స్టాఫ్ నర్సునండి. మూడు నెలల్లో సగానికి పైగా రాత్రులు ఒక్క నర్సే ఉంటున్నారు. ఇవి తేదీలండి. రాత్రికి ఇంకొకరిని వేయించమని అడగడానికొచ్చామండి." ఇంట్లో అద్దం ముందు మూడుసార్లు బయటికి అనండి. తోటి సిస్టరు ఎదుట ఒకసారి అనండి. గొంతు వణికినా వాక్యం పూర్తి చేయండి.

అవతల నుంచి వచ్చే జవాబులు కూడా ముందే తెలుసు. సిద్ధంగా వెళ్ళండి.

"బడ్జెట్ లేదమ్మా" అంటే: "కొత్త పోస్టులు అడగడం లేదండి. మంజూరై ఖాళీగా ఉన్నవే అడుగుతున్నాం."

"చూద్దాంలే" అంటే: "సంతోషమండి. మళ్ళీ ఏ రోజు కనపడమంటారు?"

"అన్నిచోట్లా ఇంతే కదమ్మా" అంటే: "అందుకేనండి, లెక్క రాసుకొచ్చాం. మిగతాచోట్ల కూడా తెప్పించడానికి మీకు పనికొస్తుంది."

చూశారుగా, ఎక్కడా గొంతు లేవలేదు, ఎక్కడా తల వంగలేదు. బయటికొచ్చాక మాట్లాడుకున్నదంతా ఒక కాగితం మీద రాసి "మీరు చెప్పిన ప్రకారం" అంటూ ఆ ఆఫీసుకే పంపండి. నోటిమాటకు సాక్ష్యం అదే.

6. ఒంటరిగా వెళ్ళకండి

ఆంధ్రప్రదేశ్‌లో ఆశా కార్యకర్తల చరిత్ర చూడండి. పేరుకు వాలంటీర్లు, జీతం అనే మాటే లేదు, గౌరవ వేతనం అన్నారు. ఏళ్ళ తరబడి మండల ఆఫీసుల ముందు, కలెక్టరేట్ల ముందు కూర్చున్నారు. 2019లో వాళ్ళ వేతనం 10,000 అయింది. 2025 మార్చిలో లక్షన్నర వరకు గ్రాట్యుటీ, మొదటి రెండు కాన్పులకు 180 రోజుల వేతనంతో కూడిన సెలవు, 62 ఏళ్ళ వరకు కొలువు ఒప్పుకుంటూ ప్రభుత్వం నిర్ణయం ప్రకటించింది. ఆరోగ్య శాఖ మెట్లలో అందరికన్నా కింద ఉన్నవాళ్ళు గ్రాట్యుటీ దాకా ఎలా వచ్చారు? ప్రతి ఊళ్ళో ఒకరున్నారు, అందరూ ఒకే మాట అన్నారు.

నర్సుల దగ్గర ఇదే లోపిస్తోంది. రెగ్యులర్ వాళ్ళు ఒకవైపు, కాంట్రాక్టు వాళ్ళు ఒకవైపు, అవుట్‌సోర్సింగ్ వాళ్ళు ఇంకోవైపు. కోవిడ్‌లో పీపీఈ కిట్టు వేసుకుని చెమటలు కక్కిన అవుట్‌సోర్సింగ్ నర్సులను 2021లో తెలంగాణలో ఒక్కసారిగా ఇంటికి పంపినప్పుడు వాళ్ళు హైదరాబాదు రోడ్ల మీద నిలబడాల్సి వచ్చింది. రెగ్యులర్ నర్సు "నాకెందుకు" అనుకున్న చోట రేపు తన పక్క డ్యూటీకి మనిషి ఉండదు. ఖాళీ పోస్టు అందరి నడుమూ విరుస్తుంది.

నర్సులు కాని వాళ్ళను కూడా కలుపుకోండి. వార్డులో నయమై వెళ్ళిన పేషెంటు కుటుంబం, డ్వాక్రా సంఘం అక్కలు, లంక ఊరి మత్స్యకార సంఘం పెద్దలు, సర్పంచ్, మీతో నైట్ చేసే డ్యూటీ డాక్టరు. 1992లో నెల్లూరు జిల్లా దూబగుంటలో రాత్రి బడిలో అక్షరాలు నేర్చుకున్న ఆడవాళ్ళు సారా దుకాణం వద్దన్నారు. అది ఊరూరా పాకింది. 1993 అక్టోబరులో సారా నిషేధం వచ్చింది, 1995లో సంపూర్ణ మద్యనిషేధం. ఆ నిషేధం ఎన్నాళ్ళు నిలిచిందన్నది వేరే కథ. పలక పట్టిన ఆడవాళ్ళు ప్రభుత్వ విధానం మార్చగలిగారు, డిగ్రీ పట్టా పట్టిన మీరు మార్చలేరా?

7. కాదన్నాక అసలు పని మొదలు

మొదటిసారి "కాదు" అంటారు. దానికి మనసు కష్టపెట్టుకుని మానేస్తే, మీతో పాటు మీ తర్వాత వచ్చే నర్సుల మాట కూడా మూసేసినట్టే. కాదన్న కారణం రాయించుకోండి. ఆ కారణం తీరే దారి వెతకండి. మూడు నెలలకు కొత్త లెక్కతో మళ్ళీ వెళ్ళండి.

సమ్మె చివరి మెట్టు. 2025 ఏప్రిల్ చివర ఆంధ్రప్రదేశ్ సీహెచ్‌వోలు రెగ్యులరైజేషన్, జీతం పెంపు, ఈపీఎఫ్‌లాంటి డిమాండ్లతో సమ్మెకు దిగి వారాల తరబడి ఎండలో కూర్చున్నారు. వాళ్ళు బీఎస్సీ నర్సింగ్ చదివి ఊళ్ళలో బీపీ, షుగరు చూసేవాళ్ళు. సమ్మె అవసరమయ్యే రోజులు ఉంటాయి, కాదనలేం. కానీ ఆ రోజు వరకూ ఎన్ని అర్జీలు ఇచ్చారు, ఎన్ని రసీదులు ఉన్నాయి అన్నదే జనం మీవైపు నిలబడాలా వద్దా అని తేలుస్తుంది. ముందు కాగితాలు కూడబెట్టుకున్న వాళ్ళ సమ్మె వేరు, కోపం మీద దిగిన సమ్మె వేరు. ఏది చేసినా ఎమర్జెన్సీ మంచం ఖాళీగా వదలకండి. మీ బలమంతా జనం నమ్మకంలో ఉంది.

చిన్న గెలుపు వస్తే నలుగురికీ చెప్పండి. డ్యూటీ రూముకు గడియ బిగించారా? ఎవరు అర్జీ ఇచ్చారు, ఎన్నాళ్ళు పట్టింది, ఎవరు సాయం చేశారు అన్నది పక్క ఆసుపత్రి సిస్టర్లకు తెలియాలి. సంతకం పెట్టిన అధికారికి కృతజ్ఞతగా ఒక ఉత్తరం రాయండి. రెండోసారి మీ ఫైలు ఆయన ముందుకు వచ్చినప్పుడు పేరు గుర్తుపడతారు.

మీరు నర్సు కాకపోతే

పేషెంటుగానో, పేషెంటు తాలూకు మనిషిగానో ఆసుపత్రికి వెళ్ళే ఉంటారు. సెలైన్ సీసా అయిపోయిందని మీరు సిస్టరు మీద అరిచిన క్షణంలో ఆమె ఎంతమందిని చూసుకుంటోందో ఎప్పుడైనా లెక్కపెట్టారా? ఈసారి లెక్కపెట్టండి. ఆ అంకె రాసి, మీ పేరుతో, ఆసుపత్రి సూపరింటెండెంట్‌కు ఒక ఉత్తరం ఇవ్వండి. నర్సు అడిగితే "జీతం కోసం" అంటారు. పేషెంటు అడిగితే ఆ మాట అనలేరు.

ఈ వారం చేయాల్సినవి

ఈ రాత్రి డ్యూటీ నుంచే నోటుబుక్కు మొదలుపెట్టండి. తోటి సిస్టర్లు ఇద్దరితో కూర్చుని అయిదింట్లో ఒక విషయం ఎంచుకోండి. నాలుగు వాక్యాలు రాయండి. మీ ఫైలు ఏ దారిలో పోవాలో హెడ్ నర్సును అడిగి చిరునామా రాసుకోండి. పోస్టుల లెక్కకు సమాచార హక్కు దరఖాస్తు పెట్టండి. రెండు నిమిషాల మాట మూడుసార్లు బయటికి అనండి. ఆపైన ముగ్గురూ కలిసి వెళ్ళి అర్జీ ఇవ్వండి, రసీదు అడిగి తీసుకోండి, మళ్ళీ ఎప్పుడు రావాలో తేదీ రాయించుకుని రండి.